పచ్చితిండితో పులివెందులకు

నాకు అక్షరాలు వచ్చేసరికి నా కూతురికి పెళ్లయిపోయింది. ప్రొద్దుటూరులో మా వీధి చివర పెద్దవాళ్లకు చదువు చెప్పే బడి పెట్టినప్పుడు, చుట్టుపక్కల ఆడవాళ్లతో కలిసి నేనూ పలక పట్టుకున్నాను. మొదట బస్సుల మీది బోర్డులు చదివాను. తర్వాత అగ్గిపెట్టెలు, సబ్బు కాగితాలు, గోడల మీద ఓట్ల రాతలు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నా అంతట నేను చదివిన తొలి పుస్తకం మాత్రం పచ్చితిండి గురించి రాసింది. పక్కింటి ఆమె అటక సర్దుతూ పాత కాగితాలవాడికి వేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను.

పొయ్యి ఎక్కిన తిండి చచ్చిన తిండి అని అందులో ఉంది. మొలకలు, కాయలు, పండ్లు, నానబెట్టిన పప్పులు, ఇవే మనిషి తిండి అట. నూనె వద్దు, చక్కెర వద్దు, ఉప్పు అసలే వద్దు. చిన్నప్పటి నుంచి చదువుకున్నవాళ్లకు పుస్తకాన్ని అనుమానించడం కూడా చేతనవుతుంది. నాకు చదవడం వచ్చింది గానీ ఆ విద్య ఇంకా రాలేదు. అచ్చులో ఉందంటే నిజమే అనుకున్నాను. ఏళ్ల తరబడి కడుపులో మంటతో మాత్రలు మింగుతున్నదాన్ని, పోయేదేముందిలే అని మొదలుపెట్టాను. ఇంట్లోవాళ్లే నమ్మలేదు, మంట తగ్గిపోయింది. ఇక నన్ను పట్టేవాళ్లు ఎవరు?

మా ఆయన మాత్రం వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. "మా ఇంట్లో మేత మేసే మనిషి ఉండాది. నాకు సంగటి కెలికి పెట్టి, తను దోసకాయ నములుతాది. ఇద్దరం ఒక కాపురం చేస్తాండామో, రెండు చేస్తాండామో తెలీదు."

ఇంట్లో ఉన్నంతకాలం పచ్చితిండి పెద్ద కష్టం కాదు. కుండలో నీళ్లుంటాయి, నీడ ఉంటుంది, మొలకలు కట్టిన గుడ్డ ఆరిపోతే తడపడానికి మనిషి ఉంటుంది. ప్రయాణంలోనే దాని సంగతి తెలుస్తుంది. నాకు ఆ ప్రయాణం మా కూతురి శ్రీమంతంతో వచ్చిపడింది.

"చిన్నమ్మ వస్తేనే గాజులు తొడిపించుకుంటా. లేకుంటే మీరే తొడుక్కోండి" అని నా కూతురు మొండికేసింది.

చిన్నమ్మ అంటే నా చెల్లెలు. నా కూతురు పుట్టినప్పుడు నేను చాలా రోజులు మంచం పట్టాను. అప్పటికి పెళ్లి కాని నా చెల్లెలే బిడ్డను చంకనేసుకుని పెంచింది. దానికి జోల పాడింది, దాని చేత మొదటి అడుగు వేయించింది తనే. తర్వాత ఆమెను పులివెందుల అవతల ఒక ఊళ్లో ఇచ్చాం. కొన్నేళ్లు రాకపోకలు బాగానే జరిగాయి. పార్టీల గొడవలు ముదిరాక అన్నీ ఆగిపోయాయి. మా ఆయన అన్న, అంటే మా బావ, ఒక నాయకుడి జీపులో తిరిగే మనిషి. నా చెల్లెలి మామ ఎదుటి పార్టీకి వాళ్ల ఊళ్లో పెద్ద. ఒక పంచాయతీ ఎలక్షన్లలో ఇద్దరూ ఒకరి మీద ఒకరు కేసులు పెట్టుకున్నారు. అప్పటి నుంచి ఆయన నా చెల్లెలిని మా గడప తొక్కనివ్వలేదు.

ఆ రోజుల్లో మగవాళ్లు ముద్దనూరు దాటి అటు పోవాలన్నా, అటువాళ్లు ఇటు రావాలన్నా వెనకా ముందూ చూసుకోవాలి. దారిలో ఆడవాళ్ల జోలికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. అందుకని కోర్టు వాయిదాలకు పోయేది, సంతకు పోయేది, పిలుపులకు పోయేది ఆడవాళ్లమే. పిలుపు కూడా ఊరికే కాదు. ఇంటికి పోయి, బొట్టు పెట్టి, ఆ ఇంట భోజనం చేస్తేనే పిలిచినట్టు. చేయి కడగకుండా వచ్చేస్తే పిలవనట్టే.

నేనే పోతానన్నాను. తినే సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు.

ముందురోజే పెసలు నానబెట్టి తడిగుడ్డలో మూటకట్టాను. పొద్దున్నకు తోకలు వచ్చాయి. ఇంకో మూటలో నానిన వేరుశనగ పప్పులు, రెండు క్యారెట్లు, కొబ్బరి చిప్ప, కొన్ని ఖర్జూరాలు. మూటలను ఈతబుట్టలో పెట్టి పైన తడిగుడ్డ కప్పాను. మొలకలకు గాలి ఆడాలి, తడి ఆరకూడదు, ఎండ తగలకూడదు, నలగకూడదు. పసిబిడ్డను ఎత్తుకుని పోయినట్టే.

ఎర్రగుంట్ల మీదుగా నేరుగా పోవచ్చు గానీ, జమ్మలమడుగులో మా మేనత్తకు కూడా బొట్టు పెట్టాలి కాబట్టి ఆ దారిన పోయాను. మేనత్తకు నా తిండి సంగతి ముందే తెలుసు. ఒక పళ్లెంలో అరటిపండ్లు, జామకాయ ముక్కలు పెట్టి నా ముందుంచింది.

"ఇదిగో నైవేద్యం. ఆరగించు తల్లీ" అని దండం పెట్టింది.

నేను నవ్వి తిన్నాను. ఆమె మాత్రం నవ్వు ఆపేసి, "ఈడ నేను గాబట్టి సరిపోయింది. ఆడ ఇట్లా చేయొద్దు. ఆ ముసలాయన శానా పట్టింపు మనిషి. పెట్టింది పెట్టినట్టు తిను" అంది.

"అన్నం తినకుంటే పండ్లు తింటా అత్తా. వాళ్లకు చీనీతోటే ఉండాదంట గదా."

"నీ ఇష్టం. పుస్తకాలు సదివినదానివి" అంది మేనత్త. ఆ మాటకు నాకు లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

పులివెందుల బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బుట్టను ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంటున్నాను. తడిగుడ్డ కింద గుండ్రంగా రెండు మూటలు. పక్కన కూర్చున్న పెద్దమనిషి బుట్ట వైపు ఒకసారి, నా మొగం వైపు ఒకసారి చూసి, కొంచెం అవతలికి జరిగాడు. కండక్టరు టికెట్టు కొట్టి, "అమ్మా, ఆ బుట్ట సీటు కింద పెట్టుకో" అన్నాడు.

"కింద పెట్టగూడదప్పా. అదిరితే పాడైపోతాయి."

పక్కన ఉన్న పెద్దమనిషి లేచి నిలబడ్డాడు.

"ఎండ గూడా తగలగూడదు" అన్నాను, పూర్తిగా చెబుదామని.

ముందు సీటువాళ్లు లేచారు. వెనక సీటువాళ్లూ లేచారు. జనం కిక్కిరిసిన బస్సులో నా చుట్టూ మాత్రం ఖాళీ. ఏమైందో నాకు అర్థం కాలేదు. పల్లెల్లో నాటుబాంబులను కూడా అట్లాగే తడి గోనెలో చుట్టి, బుట్టలో పెట్టి, ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయేవాళ్లని తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

ముద్దనూరు దాటాక పోలీసులు బస్సు ఆపారు. కండక్టరు ఏం చెప్పాడో గానీ, కానిస్టేబులు ఒకడు నేరుగా నా దగ్గరికి వచ్చి, నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"నువ్వే విప్పమ్మా. నిదానంగా."

విప్పాను. తెల్లటి తోకలతో పెసలు బయటపడ్డాయి. కానిస్టేబులు మెడ చాచి చూశాడు. తర్వాత బస్సంతా ఒకటే నవ్వు.

"ఇవి ఏం చేస్తావమ్మా?"

"తింటా నాయనా. కడుపులో మంటకు శానా మంచిది."

"ఉడకబెట్టకుండానే?"

నేను అతని చేతిలో కొన్ని పెట్టాను. నమిలాడు. మొగం ముడుచుకుని, మింగి, "దీనికంటే మంటే మేలు" అని దిగిపోయాడు. పెద్దమనిషి మళ్లీ నా పక్కన వచ్చి కూర్చుని, పులివెందుల దాకా తన గ్యాసు సంగతి చెబుతూనే ఉన్నాడు.

పులివెందులలో దిగి, జీపు ఎక్కి మా చెల్లెలి ఊరికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నన్ను చూసి చెల్లెలు వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. కౌగిలించుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. దాని మామ బయట మంచం మీద కూర్చుని ఉన్నాడు. గోడకు ఆనుకుని ఇద్దరు మనుషులు. ఆయన కోపం చూపించలేదు. "రా పాపా, ఎండన పడి వచ్చినావు. కాళ్లు కడుక్కో" అని మర్యాదగానే పలికాడు. చెల్లెలికి బొట్టు పెట్టి శ్రీమంతం సంగతి చెప్పాను. అది మామ మొగం వైపు చూసింది.

"ముందు భోజనం కానీలే. తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడాయన.

నేను వస్తున్న కబురు జీపువాళ్ల ద్వారా ముందురోజే చేరినట్టుంది. లోపల పెద్ద వంట. రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల చట్నీ, ఓళిగలు. ఆ వాసన గురించి నేను అబద్ధం రాయను. నోట్లో నీళ్లూరాయి. అయినా చెల్లెలితో మెల్లగా చెప్పాను, నేను పొయ్యి మీదిది తినడం మానేశాను, కాయలో పండ్లో ఉంటే పెట్టు అని.

చెల్లెలి మొగం పాలిపోయింది. "అక్కా, ఈ పొద్దా నీకు ఇదంతా?" అంది. మళ్లీ తనే పోయి చీనీకాయలు, అదే బత్తాయిలు, ఒలిచి, దోసకాయ కోసి తెచ్చింది. దోసకాయ ముక్కల మీద చల్లడానికి ఉప్పు కారం చేతిలో పట్టుకుంది. నేను పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"ఉప్పొద్దు."

ముసలాయన అప్పుడే చేయి కడుక్కుని లోపలికి వచ్చాడు. ఆ మాట విని గడపలోనే నిలబడిపోయాడు.

"సంగటి తినవు. పోనీలే అనుకుంటి. ఉప్పు గూడా తినవా?"

నాకు అప్పుడు వెలిగింది. మా వైపు పార్టీల గొడవల్లో ఒక కట్టుబాటు ఉంది. ఒక ఇంట ఉప్పు తిన్న మనిషి ఆ ఇంటి మీదికి పోకూడదు, పోయేవాళ్లకు దారి చూపకూడదు. ఆ ఇంటివాళ్లు తన ఇంటికి వస్తే వాళ్ల ప్రాణానికి తనే పూచీ. ఎదుటివాడి ఇంటికి పోక తప్పకపోతే, కట్టుబడడం ఇష్టంలేని మనిషి మజ్జిగ కూడా ఉప్పు లేకుండానే తాగి లేచేవాడు. అది మగవాళ్ల లెక్క అనుకుని నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ లెక్కలో నేనే వచ్చి కూర్చున్నాను.

"ఎవురు చెప్పినారు పాపా నీకు, ఈ ఇంట్లో ఉప్పు ముట్టొద్దని?"

"పుస్తకంలో ఉంది మామా."

"పుస్తకంలో! మీ బావ పుస్తకాలు గూడా రాస్తాండాడా?"

ఆయన వెనకే లోపలికి వచ్చి గోడకు ఆనుకున్న మనుషులు నవ్వారు. నా మరిది, అంటే చెల్లెలి మొగుడు, తల వంచుకుని నేల చూస్తున్నాడు. ముసలాయన నవ్వలేదు.

"పిలిచేదానికి వచ్చినావు. ఉప్పు లేకుండా లేస్తాండావు. అంటే నా కోడలు మీ ఇంటికొస్తే, దానికి ఏమైనా జరిగితే నీకు సంబంధం లేదు. అంతేగదా? నేను పంపను. పండ్లు తిని పోయి రా."

చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "ఒక్క ముద్ద తినక్కా. నాకోసరం" అంది గొంతులోనే. ఇంతదాకా నేను నమ్మిన పుస్తకం ఒక పక్క, ఆ చెయ్యి ఒక పక్క. ఆలోచించేదేముంది? పళ్లెం లాక్కుని సంగటి ముద్ద తుంచాను.

"పెట్టు దాన్ని" అన్నాడు ముసలాయన. "బెదిరించి తినిపించిన ముద్ద లెక్కలోకి రాదు. రేపు నువ్వే అంటావు, బలవంతాన తిన్నానని."

ముద్ద పళ్లెంలో పెట్టేశాను. నాకు ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది. లేచి వంటింట్లోకి పోయాను. ఉప్పు జాడి తెచ్చి ఆయన ముందు నేల మీద పెట్టాను.

"మామా, నేను పొయ్యి మీదిది తినను. ఇది నా నియమం. ఎవురూ చెప్పింది గాదు, నా కడుపు చెప్పింది. ఉప్పొద్దన్నది పుస్తకం. అది రాసినాయన మన పక్క మనిషి గాదు, ఆయనకు మన సంగతి తెలీదు. కానీ ఉప్పు పొయ్యి మొగం చూసింది గాదు గదా. ఎండకు పుట్టింది. ఇది తినేదానికి నాకేం అడ్డం?"

పిడికెడు కల్లుప్పు తీసి నోట్లో వేసుకున్నాను.

ఏడాది పైగా ఉప్పు ఎరగని నాలుక. తల మీద ఎవరో మొట్టినట్టయింది. కళ్లల్లో నీళ్లు, ముక్కులో నీళ్లు, దగ్గు. అయినా నోరు తెరవలేదు. పటపట నములుతూనే ఉన్నాను.

"ఓయ్, నీళ్లియ్యండి! సస్తాది ఆ మనిషి!" అని ముసలాయనే ముందు అరిచాడు. మరిది చెంబు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "వదినా, చిటికెడు చాల్దా? పిడికెడు దేనికి?" అన్నాడు. ఆ రోజు అతను మాట్లాడిన మొదటి మాట అదే.

చెంబెడు నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, నా బుట్ట ముందుకు లాగాను.

"నేను మీ ఇంటిది తిన్నా. ఇంక నువ్వు మా ఇంటిది తినాల మామా. ప్రొద్దుటూరు నుంచి ఒళ్లో పెట్టుకోని తెచ్చినా."

"ఏందవి?"

"పెసలు. తింటే తెలుస్తాది."

అందరూ చూస్తున్నారు. తిననంటే ఆయనే కట్టుబడనన్నట్టు అవుతుంది. కొన్ని తీసుకుని నోట్లో వేసుకున్నాడు. రెండుసార్లు నమిలి ఆగాడు. దవడ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చాడు. గోడ దగ్గరి మనుషులు నవ్వు ఆపుకోలేక బయటికి పోయారు.

"పాపా, ఇది తినే దినామూ బతుకుతాండావా?"

"బతుకుతాండా."

"పార్టీలు మమ్మల్ని సంపుతాండాయి అనుకుంటాండా. అంతకంటే కష్టం నీది." తర్వాత చెయ్యి చాపి, కోడలితో అన్నాడు. "ఆ జాడి ఇట్లియ్ మా. ఇందులో ఉప్పు లేదు. కట్టుబడేదేందో ఇద్దరం కట్టుబడదాం."

తనే మొలకల మీద ఉప్పు చల్లుకుని, మిగిలినవన్నీ ఒక్క గింజ వదలకుండా తిన్నాడు. తిన్నంతసేపు నా చెల్లెలు గుంజ పట్టుకుని నిలబడి ఉంది.

"పొద్దున బస్సుకు పిలుచుకోని పో" అన్నాడు చేయి కడుక్కుంటూ. "మీ బావకు చెప్పు, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పు. ఒక మాట ఎక్కువొద్దు, ఒక మాట తక్కువొద్దు."

మరుసటి రోజు మా ఇద్దరికీ తోడుగా ఒక గోనెసంచి చీనీకాయలు కూడా వచ్చాయి. దారిలో తిండికి నాకు ఇక కొరత లేకపోయింది. చెల్లెలు మాత్రం ముద్దనూరులో బస్సు ఆగగానే దిగి, వేడివేడి బొరుగుల ఉగ్గాని, బజ్జీ కట్టించుకొచ్చి, నా పక్కనే కూర్చుని ఊదుకుంటూ తినింది. "వాసన చూడక్కా, వాసన పచ్చిదే" అని పొట్లం నా ముక్కు దగ్గర పెట్టింది. అంతటి పాపిష్టిది.

శ్రీమంతం రోజు మా బావ వస్తాడని నాకు తెలుసు. వచ్చాడు. వాకిట్లో జీపు దిగుతూనే, పందిట్లో తిరుగుతున్న నా చెల్లెలిని చూసి ఆగాడు. నేను ఎదురు పోయాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. పండ్లు అడిగింది, ఉప్పు వద్దన్నది, పిడికెడు నోట్లో వేసుకున్నది, ఆయన మొలకల్లో తనే ఉప్పు చల్లుకున్నది, అన్నీ.

"తనే సల్లుకున్న్యాడా?"

"తనే బావా. నేను అడగలా."

బావ చెప్పులు పందిరి బయటే విప్పాడు. తర్వాత తనతో వచ్చిన మనుషులను జీపు దగ్గరే ఉండమని చెయ్యి ఊపి, ఒక్కడే పందిట్లోకి వచ్చాడు. "బాగుండావా పాపా? మీ మామకు మోకాళ్ల నొప్పులు తగ్గినాయా?" అని నా చెల్లెలిని అడిగాడు. ఆయన మోకాళ్లు నొస్తాయని ఈయనకు ఎట్లా తెలుసో నేను అడగలేదు.

పార్టీలు అట్లాగే ఉన్నాయి, కేసులు చాలాకాలం నడిచాయి. కానీ ఆ రెండు ఇళ్ల మధ్య ఆడవాళ్ల రాకపోకలకు మళ్లీ ఎవరూ అడ్డం చెప్పలేదు. నేను ఇప్పటికీ పచ్చితిండే. పుస్తకంలో ఆ ఒక్క పేజీ తప్ప అన్నీ పాటిస్తున్నాను. ఎవరింటికి పోయినా కాయ కోయించుకుని, పైన చిటికెడు ఉప్పు చల్లించుకుని తింటాను.

ఆ శ్రీమంతం రోజు నా కూతురి చేతులు నీరు పట్టి ఉబ్బి ఉన్నాయి. ఆకుపచ్చ గాజులు ఎక్కడం లేదు. చెల్లెలు దాని చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, నూనె రాసి, వేళ్లు దగ్గరికి నొక్కి, ఒక్కొక్కటే ఎక్కిస్తోంది.

"అబ్బా, నొప్పి చిన్నమ్మా! మెల్లగా!"

"దీనికే ఏడిస్తే ఎట్లా? అసలు నొప్పి ముందుంది గదా తల్లీ నీకు" అని, ఇంకో గాజు అందుకుంది నా చెల్లెలు.